ఎవరిదీ కాని దుఃఖం

చంద్రుడి మీద గాలి లేదు కనుక అక్కడ వినడానికి ఏమీ లేదు. కొండ ఉంది, లోయ ఉంది, కనుచూపు మేర బూడిదరంగు నేల ఉంది. చప్పుడు మాత్రం లేదు. అపోలో యాత్రల్లో తీసిన చిత్రాలతో అల్ రైనర్ట్ ఒక సినిమా తలపెట్టినప్పుడు, దానికి సంగీతం సమకూర్చడానికి పూనుకున్న బ్రయన్ ఈనో, ఆయన తమ్ముడు రోజర్, డేనియల్ లాన్వాల ముందున్న చిక్కు ఇదే. అడవిని చూపాలంటే ఆకుల సవ్వడి తెచ్చుకోవచ్చు, సముద్రానికైతే అలల హోరు ఉంది. చంద్రుడి దగ్గర తెచ్చుకోవడానికి ఏమీ లేదు. అయినా 1983లో వచ్చిన ఆ ‘అపోలో’ ఆల్బమ్ వింటుంటే, సినిమా చూడనివారి మనసులో కూడా అంతులేని బయలు ఒకటి పరుచుకుంటుంది. దాని వెంటే పేరు పెట్టలేని దిగులు కమ్ముకుంటుంది. ఇందులో చాలా భాగాల్లో మాట లేదు, కథ లేదు, చనిపోయిన మనిషి లేడు, విడిపోయిన జంట లేదు. మరి ఈ దిగులు ఎవరిది? అభిరుచికి సంబంధించిన చిన్న సంగతిగా దీన్ని తీసిపారేయలేం. దుఃఖానికి వేరు ‘నేను, నాది’ అనే భావంలో ఉందని మన దర్శనాలు చాలావరకు ఒప్పుకున్నాయి. ‘నాది’ అనదగ్గది ఏదీ లేని చోట కూడా దుఃఖం పుడుతుంటే, అది దుఃఖమేనా, లేక ఆ రూపంలో మనకు అందుతున్న తెలివిడా? నేను రెండో మాటనే నమ్ముతున్నాను. ఎందుకో చెప్పడానికి ముందు ఈ సంగీతం చెవికి చేసేదేమిటో చూడాలి.

ఇలాంటి ఎలక్ట్రానిక్ సంగీతానికి అర్ధ శతాబ్దం చరిత్ర ఉంది. పశ్చిమ బెర్లిన్ బృందం టాంజరీన్ డ్రీమ్ 1974లో తెచ్చిన ‘ఫేడ్రా’, 1982లో ఈనో చేసిన ‘ఆన్ ల్యాండ్’, అదే ఏడాది ‘బ్లేడ్ రన్నర్’ సినిమాకు గ్రీకు సంగీతకారుడు వాంగెలిస్ కూర్చిన స్వరాలు, 1997లో నార్వేకు చెందిన గేర్ యెన్సెన్ ‘బయోస్ఫియర్’ పేరుతో విడుదల చేసిన ‘సబ్‌స్ట్రాటా’, మరుసటి ఏడాది స్కాట్లండ్ సోదరులు ‘బోర్డ్స్ ఆఫ్ కెనడా’ పేరుతో తెచ్చిన ఆల్బమ్, ఇవన్నీ ఒకే శైలివి కావు. కొన్నిట్లో లయ ఉంది, కొన్నిట్లో లేదు. అన్నిట్లోనూ ఉన్నది దూరం. యెన్సెన్ ఊరు ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉంది. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. ఆ సంగతి తెలియనివారు కూడా ‘సబ్‌స్ట్రాటా’ వింటే తమ చుట్టూ గోడలు లేవని గ్రహిస్తారు. ఇందులో మాయ ఏమీ లేదు. దగ్గర పడిన పిడుగు ఫెళ్ళున పేలుతుంది. పది కిలోమీటర్ల అవతలి ఉరుము గుడగుడలాడుతుంది. దారిలో గాలి హెచ్చు స్థాయి ధ్వనులను ముందుగా మింగేసి, తగ్గు స్థాయి ధ్వనులను పోనిస్తుంది. సింథసైజర్‌లోని ఫిల్టర్ చేసేది ఈ పనే. చిన్న గదిలో చప్పట్లు కొడితే వెంటనే అణగిపోతాయి, పెద్ద మంటపంలో కాసేపు నిలుస్తాయి. రివర్బ్ అనే పరికరం ఏ మంటపానికీ లేనంత సేపు వాటిని నిలపగలదు. అన్నిటికన్నా ముఖ్యం స్వరం మొదలయ్యే తీరు. వీణ మీటితే గోరు తగిలిన జాడ తొలి క్షణంలోనే తెలుస్తుంది, మృదంగం మీద అరచేయి తెలుస్తుంది. ఇక్కడ స్వరం ఎప్పుడు మొదలైందో తెలియకుండా నెమ్మదిగా లేస్తుంది. కొట్టినవారు లేరు, మీటినవారు లేరు. చెవి తనకు పుట్టుకతో వచ్చిన తర్కంతో తేల్చుకునేదేమంటే, ఈ ధ్వనికి మూలం చాలా పెద్దది, చాలా దూరాన ఉంది, దానికి నేను ఉన్నట్టు కూడా తెలియదు.

ఈ మూడో సంగతి దగ్గరే దిగులు మొదలవుతుందని నా ఉద్దేశం. మన రసశాస్త్రం దీన్ని పరిశీలించడానికి మంచి పనిముట్లే ఇచ్చింది. భరతుడి రససూత్రంలోని విభావాన్ని, అంటే భావానికి కారణమైనదాన్ని, తర్వాతివారు రెండుగా విడదీశారు. ఎవరిని గురించి భావం పుడుతుందో వారు ఆలంబనం. ఆ భావాన్ని రగిలించే వెన్నెల, మబ్బు, చల్లగాలి, ఏకాంత వనం ఉద్దీపనం. రాముడికి సీత ఆలంబనమైతే, ఆమె లేని వేళ కమ్ముకొచ్చిన వానాకాలం ఉద్దీపనం. ప్రకృతికి అలంకార శాస్త్రంలో ఇచ్చిన పీట ఎప్పుడూ ఈ రెండోదే. ఇప్పుడు ఈ సంగీతాన్ని అక్కడ నిలబెట్టి చూడండి. మబ్బు ఉంది, బయలు ఉంది, గాలి ఉంది; సీత లేదు. అంతా ఉద్దీపనమే, ఆలంబనం లేదు. పాత లెక్క ప్రకారం ఇక్కడ రసం నిష్పన్నం కాకూడదు. అవుతోంది. అందుచేత లెక్కనన్నా సవరించాలి, లేదా మనకు కనిపించని ఆలంబనం ఎక్కడో ఉందనన్నా ఒప్పుకోవాలి.

మాట లేకుండా రసం పుట్టడం పెద్ద అడ్డంకి కాదు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడే ధ్వన్యాలోకంలో, వాచ్యార్థం లేని గీతధ్వనులు కూడా రసాన్ని స్ఫురింపజేస్తున్నాయి కదా అని తన వాదానికి సాక్ష్యంగా చూపాడు. రాగాలాపన విని పెరిగిన తెలుగు శ్రోతకు ఈ మాట కొత్త కాదు. ముఖారి గాని శుభపంతువరాళి గాని మనసు కరిగించడానికి సాహిత్యం అందుకునేదాకా ఆగవు. అసలు చిక్కు ఆలంబనం దగ్గరే ఉంది. దాని మీద వెలుగు పరిచే సన్నివేశం శాకుంతలం అయిదో అంకంలో ఉంది. దుష్యంతుడు లోపలి నుంచి హంసపదిక పాట వింటాడు. ఆయనకు ఆ క్షణాన ఏ లోటూ లేదు. అయినా మనసు కలత పడుతుంది. ఎందుకో తెలియక, ఏ పూర్వజన్మల స్నేహాలో లోపల మిగిలి ఉండి ఇలా కదులుతున్నాయని తనకు తాను చెప్పుకుంటాడు. శాపం వల్ల అతను శకుంతలను మరిచాడని ప్రేక్షకులకు తెలుసు, అతనికి తెలియదు. అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యానంలో రసానుభవాన్ని వివరిస్తూ దుష్యంతుడి ఆ మాటలున్న శ్లోకాన్నే ఎత్తుకున్నాడు. ఇక్కడ స్మరణ అన్నది తార్కికులు చెప్పే మామూలు జ్ఞాపకం కాదని, ఏదో ఒక వస్తువు గుర్తుకు రావడం కాదని ఆయన పట్టుబట్టాడు. ఇంత దూరం ఆయనతో నడవవచ్చు. కానీ దుష్యంతుడి దిగులుకు చివరికి ఒక చిరునామా ఉంది. ఉంగరం దొరికిన నాడు అది బయటపడుతుంది. ‘ఆన్ ల్యాండ్’ విన్నవారికి అలాంటి ఉంగరం ఏదీ దొరకదు.

దొరుకుతుందని వాదించేవారు ఉండవచ్చు. ఈనో పుట్టిన ఇంగ్లండ్ సఫోక్ ప్రాంతంలో డనిచ్ అనే ఊరుంది. మధ్యయుగాల్లో అది పెద్ద రేవు. 1286 నాటి తుపానుతో మొదలై తర్వాతి తుపానులు దాన్ని ముక్కముక్కగా సముద్రంలో కలిపేశాయి. దాని పాత చర్చిల్లో చివరిది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కడలిపాలైంది. ‘ఆన్ ల్యాండ్’లో చివరి రచన ఆ తీరం పేరే పెట్టుకుంది. కాబట్టి ఇక్కడి శోకం మునిగిన ఊరిదే అనవచ్చు. కానీ డనిచ్ పేరు ఎన్నడూ వినని శ్రోతను కూడా ఆ రచన అలాగే పట్టుకుంటుంది. ఊరి చరిత్ర తెలిశాక అనుభవం లోతెక్కుతుందే గాని, కొత్తగా పుట్టదు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం విలియమ్ బసిన్‌స్కీ ‘డిసిన్‌టిగ్రేషన్ లూప్స్’. 1980ల నాటి తన టేపు లూపులను 2001లో ఆయన కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుండగా, టేపు మీది ఐరన్ ఆక్సైడ్ పూత రాలిపోవడం మొదలైంది. తిరిగిన ప్రతిసారీ కొద్దికొద్దిగా స్వరం ఊడిపోతుంటే ఆయన ఆపకుండా రికార్డు చేశాడు. మొదటి భాగం గంటకు పైగా సాగుతుంది. ఒక చిన్న స్వరగుచ్ఛం మెల్లమెల్లగా లేకుండా పోవడమే అందులోని కథంతా. ఆ ఏడాది సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలాయి. ఆ సాయంత్రపు పొగను బ్రూక్లిన్ మేడ మీంచి తీసిన వీడియోను ఆయన ఆ సంగీతానికి జతచేశాడు. అప్పటినుంచి ప్రపంచం దాన్ని ఆ మృతుల కోసం చేసిన విలాపంగా వింటోంది. వరుస గమనించండి. టేపు రాలింది ముందు, భవనాలు కూలింది తర్వాత. దుఃఖం ముందే ఉంది. దానికి ఆలంబనాన్ని చరిత్ర తర్వాత తెచ్చి తగిలించింది.

ఇలా ఆలంబనానికి ముందే ఉండే దుఃఖం ఎలాంటిది? బౌద్ధం దుఃఖాన్ని మూడు విధాలుగా చెప్పింది. నొప్పి, జబ్బు వంటి నేరుగా తగిలే దుఃఖం ఒకటి. సుఖం చేజారినప్పుడు కలిగే విపరిణామ దుఃఖం రెండోది. కారణాలు కూడి ఏర్పడిన ప్రతిదానిలోనూ, అది ఏర్పడినదే కావడం వల్ల ఉండే సంస్కార దుఃఖం మూడోది. మొదటి రెండింటికీ అనుభవించేవారు కావాలి. మూడోది ఫలానావారిదని చెప్పలేం. అది టేపు మీది పూతలో ఉంది, డనిచ్ గట్టులో ఉంది, చంద్రుడి మీది నేలలో కూడా ఉంది. ఉపన్యాసంలో వింటే ఈ మూడోది తల ఊపదగ్గ సిద్ధాంతంగా మిగిలిపోతుంది. ఆచార్యులు కూడా ఇది పట్టుబడటం చాలా కష్టమనే అన్నారు. ఈ సంగీతం చేసే పని దాన్ని చెవికి తగిలేలా చేయడం. కనిపించని ఆలంబనం ఏదని ఇందాక అడిగిన దానికి నా జవాబు ఇదే: నిలవకపోవడం అనే లోకస్వభావమే ఇక్కడ ఆలంబనం. పోయిన మనిషిని అడ్డుగా పెట్టుకోకుండా దాన్ని నేరుగా చూపగలిగింది కాబట్టే ఈ దిగులులో ‘నాది’ లేదు, ‘నాది’ లేదు కాబట్టే ఇది కుంగదీయదు.

దీనికి మొదటి ఆక్షేపణ సంగీత తత్త్వవేత్తల నుంచి వస్తుంది. వియన్నా విమర్శకుడు ఎడ్వర్డ్ హాన్‌స్లిక్ 1854లోనే, సంగీతంలో ఉన్నది కదిలే స్వరరూపాలే తప్ప భావాలు కావని రాశాడు. ఆయన బాట పట్టినవారు ఈనాడు ఇలా అనవచ్చు: ‘బ్లేడ్ రన్నర్’ చూపిన వానచీకటి నగరం తర్వాత సింథసైజర్ సాగదీత విన్నప్పుడల్లా దిగులు పడటం మనకు అలవాటైంది, ఆల్బమ్ పేర్లు, అట్టల మీది పొగమంచు బొమ్మలు మిగతా పని చేస్తాయి, ఇందులో లోకస్వభావం ఎక్కడుంది? ఈ మాటలో కొంత నిజముంది. పాశ్చాత్యులు మైనర్ స్థాయిని విషాదంగా వినడం చాలావరకు అలవాటే; కర్ణాటక సంగీతంలో పెరిగిన చెవికి సాధారణ గాంధారం వినబడగానే ఏడుపు రాదు. పేర్లు దారి చూపుతాయన్నదీ నిజమే. కానీ అలవాటును తీసేశాక కూడా మిగిలేది ఒకటుంది. దూరమైన ధ్వని మొద్దుబారుతుంది, పెద్ద చోట ధ్వని ఆలస్యంగా అణగుతుంది, అలసి కుంగినవారి గొంతు తగ్గు స్థాయిలో మెల్లగా వస్తుంది. ఇవి ఏ సినిమా నేర్పినవీ కావు, ఏ ఒక్క దేశానివీ కావు. అదే రచన వింటూ ఒకరు మంచుమైదానం ఊహించుకుంటారు, మరొకరికి అనంతపురం వైపు వేసవి బయలు తోచవచ్చు. దృశ్యం అలవాటును బట్టి మారుతుంది. దూరం మారదు. నా వాదానికి ఆ దూరం చాలు.

యంత్రానికి మనసు లేదు కదా, అది ఏం బాధపడి మనల్ని బాధపెడుతుంది అనేది రెండో ఆక్షేపణ. దీని మీద ఎక్కువసేపు నిలవనక్కర్లేదు. వీణకూ మనసు లేదు. రసం నటుడిలో లేదని, అతను దాన్ని మోసే గిన్నె మాత్రమేనని, రుచి చూసేది సామాజికుడని, అంటే ప్రేక్షకుడని, అభినవగుప్తుడు ఏనాడో చెప్పాడు. గిన్నె కంచుదైనా సర్క్యూట్లదైనా ఆ మాట చెల్లుతుంది. ఒక్క సంగతి చేరుస్తాను. డెబ్బయిల నాటి మూగ్ సింథసైజర్లలోని ఆసిలేటర్లు వేడెక్కుతున్నకొద్దీ శ్రుతి తప్పేవి. ‘ఫేడ్రా’ మొదటి రచనలో ఆ జారుడును దాచిపెట్టలేదు. యంత్రం కూడా కాలానికి లోబడి అరుగుతుందని ఆ సంగీతకారులు వినబడనిచ్చారు.

మూడోదే అసలైన ఆక్షేపణ. తెలుగు పాఠకులకు అది పాత పరిచయం. కృష్ణశాస్త్రి విరహాన్నీ విషాదాన్నీ నెత్తిన పెట్టుకున్న కాలంలోనే, ఈ కన్నీళ్ళు ఎవరి కోసం అని అడిగినవారున్నారు. శ్రీశ్రీ మహాప్రస్థానానికి రాసిన యోగ్యతాపత్రంలో చలం ఈ ఇద్దరు కవులనూ పక్కపక్కన నిలబెట్టి, ఒకరు తన బాధను లోకానికి పంచాడని, మరొకరు లోకం బాధను తనది చేసుకున్నాడని తేల్చాడు. ఆ కొలబద్ద ఈ సంగీతానికి పెడితే ఏమవుతుంది? తన బాధా కాదు, లోకుల బాధా కాదు. అలాంటప్పుడు ఇది దేనికీ బాధ్యత వహించని విలాసం కాదా? ఆకలి, వలస, వాన లేక పగిలిన చేను వంటి ఆలంబనం ఉన్న దుఃఖాలు కళ్ళెదుట ఉండగా ఆలంబనం లేని దుఃఖాన్ని చెవుల్లో పెట్టుకుని కూర్చోవడం తప్పించుకోవడం కాదా? పైగా ఇప్పుడు ఇది నిద్రకు, చదువుకు, ఆఫీసు పనికి తోడుగా గంటల కొద్దీ మోగుతోంది. ఆంబియెంట్ సంగీతాన్ని శ్రద్ధగా వినవచ్చు, పట్టించుకోకుండా వదిలేయనూ వచ్చు అన్నది 1978 నాటి ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’తో ఈనో ప్రకటించిన ఉద్దేశమే. ఆ రెండో సగాన్నే మార్కెట్ పట్టుకుంది.

ఈ ప్రమాదం నిజమైనది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ప్రమాదం ఎక్కడుందో సరిగ్గా చూపాలి. కరుణం ఆనందమే ఇవ్వకపోతే దాని వంకే ఎవరూ చూడరన్నది సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడి మాట. ఆయనకు ముందే, పన్నెండో శతాబ్దపు జైన ఆచార్యులు రామచంద్ర గుణచంద్రులు నాట్యదర్పణంలో అలాంటి అభిప్రాయానికి ఒప్పుకోలేదు. కొన్ని రసాలు సుఖం, కొన్ని దుఃఖం, కరుణం దుఃఖమేనని ధైర్యంగా అన్నారు. ఈ విషయంలో నేను జైన ఆచార్యుల పక్షం. ఈ సంగీతాన్ని పూర్తిగా తియ్యగా మార్చేసుకున్నప్పుడే అది మత్తవుతుంది. అందులోని ముల్లును తీయకుండా వింటే మత్తుకు చోటు లేదు. తప్పించుకోవడం అన్న మాటకు ఇంకొక జవాబుంది. 1961 నుంచి చుట్టూ గోడ ఉన్న పశ్చిమ బెర్లిన్ నుంచి డెబ్బయిల్లో ఇంత అంతులేని సంగీతం రావడం కాకతాళీయం అని నాకు అనిపించదు. బయలు విలువ గోడ మధ్య బతికినవారికి తెలుస్తుంది. చలం కొలబద్దలో లేని గడి ఒకటుందని కూడా చెప్పాలి. ఎదుటివారి బాధను నాది చేసుకోవాలంటే, ముందు బాధ నా ఒక్కడి సొత్తు కాదని తెలియాలి. ఎవరిదీ కాని దుఃఖాన్ని విన్నవారందరూ దయాళువులు అవుతారని చెప్పను. అలా జరిగే హామీ ఏ కళా ఇవ్వలేదు. తన దుఃఖాన్ని మాత్రమే దుఃఖమనుకునే అలవాటు మీద ఇది ఒక దెబ్బ వేస్తుంది. కళ నుంచి అంతకు మించి అడగడం న్యాయం కాదు.

మతం వైపు నుంచి కూడా ఒక హెచ్చరిక అవసరం. కొట్టకుండా పుట్టిన ధ్వని కాబట్టి దీన్ని యోగులు చెప్పే అనాహత నాదంతో పోల్చాలనే ఉబలాటం కొందరిలో ఉంది. అది తొందరపాటు. కరెంటుతో కంపించే స్పీకరు పొర ఆహతమే. తీగ మీద గోరు లేనంత మాత్రాన నాదబ్రహ్మం దిగిరాదు. వినడం ముగియగానే చప్పున మామూలు కోరికల్లోకి వెళ్ళిపోతాం కాబట్టి ఇది పురాణ వైరాగ్యం వంటిదే అని వేదాంతి అంటే, చాలామంది విషయంలో ఆయన మాటే నిజం. దిగులు మీద మమకారం కూడా మమకారమే. దీన్ని శాంతరసం అనడానికీ నేను సిద్ధంగా లేను. శాంతంలో మిగలకూడని నొప్పి ఇందులో మిగులుతోంది. కరుణంలో ఉండాల్సిన మనిషి ఇందులో లేడు. ఈ రెండింటి మధ్య ఉన్న చోటుకు మన ఆలంకారికులు పేరు పెట్టలేదు, వారి కాలంలో దానికి అవసరమూ రాలేదు. ఇప్పుడు వచ్చింది. ఈ ధ్వనులను రోజూ వింటున్న తెలుగు యువతీయువకులకు తాము వింటున్నదేమిటో చెప్పగల విమర్శ తెలుగులో రావాలి. అందుకు కావలసిన పనిముట్లు ఆనందవర్ధన అభినవగుప్తులు ఎప్పుడో చేసిపెట్టారు.

ఈ సంగీతం కొత్తగా తారసపడినవారికి ఒక్క మనవి. దాన్ని పని వెనక మోగనివ్వకండి. ‘ఆన్ ల్యాండ్’ మొత్తం నిడివి ముప్పావు గంటకు మించదు. ఒకసారి ఫోను పక్కన పెట్టి, ఇంకే పనీ చేయకుండా, మొదటి నుంచి చివరిదాకా వినండి. అది మీకు ఎవరినైనా గుర్తు చేస్తే నా వాదం తప్పని చెప్పే హక్కు మీకుంది.